నయాగరాలో నీటి లెక్క



నయాగరా జలపాతానికి వేసవిలో రోజూ రాత్రి పది గంటలకు నీళ్ళు సగానికి తగ్గిస్తారు. పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ పెంచుతారు. నవంబరు నుంచి మార్చి నెలాఖరు దాకా అయితే పగలూ రాత్రీ కూడా ఆ సగం నీళ్ళే. ఈ మాట చెబితే మా చుట్టాల్లో చాలామంది నమ్మలేదు. ప్రపంచమంతా ఎగబడి చూసే జలపాతానికి గేట్లేమిటి, జీవితమంతా గేట్ల దగ్గరే గడిపావు కాబట్టి నీకు ఎక్కడికెళ్ళినా అవే కనిపిస్తాయి అన్నారు. గేట్లు ఉన్నాయండీ. పద్దెనిమిది. మన శ్రీశైలానికి పన్నెండే.

వాళ్ళన్న రెండో మాట మాత్రం నిజం. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. నది కనిపిస్తే అందం సంగతి తర్వాత, ముందు డిశ్చార్జి ఎంత అన్న ప్రశ్నే నా నోటికొస్తుంది. మా అమ్మాయి, అల్లుడు న్యూజెర్సీలో ఉంటారు. అమెరికా వెళ్ళి నయాగరా చూడకుండా తిరిగొచ్చిన తెలుగు తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే వాళ్ళను నేనింకా కలవలేదు. మేమూ పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని కారెక్కాం. న్యూజెర్సీ నుంచి దాదాపు ఏడు గంటల ప్రయాణం. దారి పొడుగునా నేను ఆ నది ప్రవాహం గురించి అడుగుతూ ఉంటే అల్లుడు నవ్వి, “మామయ్యగారూ, మనం చూడ్డానికి వెళ్తున్నాం, ఎస్టిమేటు వెయ్యడానికి కాదు” అన్నాడు.

అయినా లెక్క చెప్పకుండా నాకు ముందుకు సాగదు. నయాగరా నది పొడవు 58 కిలోమీటర్లే. ఈరీ సరస్సులో పుట్టి ఒంటారియో సరస్సులో కలుస్తుంది. ఈ కాస్త దూరంలోనే దాదాపు 99 మీటర్లు కిందికి దిగుతుంది. అందులో సగానికి పైగా ఆ జలపాతం దగ్గర ఒక్క దూకుతోనే. సగటు ప్రవాహం సుమారు 2 లక్షల క్యూసెక్కులు. గోదావరి జిల్లాల శ్రోతలు ఈ అంకె విని పెదవి విరుస్తారని నాకు తెలుసు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వెళ్ళాయి. ఆ వరద చూసినవాళ్ళకు 2 లక్షలంటే ఒక మాదిరి శ్రావణమాసపు నీరు. కానీ గోదావరిని ఏప్రిల్‌లో చూడండి. ఇసుక తిన్నెల మధ్య పాయలు. నయాగరాకు ఏప్రిల్‌లోనూ ఇంచుమించు ఆ 2 లక్షలే, జనవరిలోనూ ఆ 2 లక్షలే. ఎందుకంటే దానికి ఎగువన సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ అని నాలుగు సరస్సులున్నాయి. ఒంటారియోను కూడా కలుపుకుంటే భూమి మీద పైకి కనిపించే మంచినీటిలో దాదాపు అయిదో వంతు ఆ అయిదింటిలోనే ఉంది. ఎక్కడో పడిన వాన, కరిగిన మంచు ఆ సరస్సుల్లో చేరి, తీరిగ్గా నడిచి ఇక్కడికి వస్తాయి. ఒండ్రు కూడా దారిలో సరస్సుల అడుగునే దిగిపోతుంది. అందుకే ఆ నీళ్ళలో ఎరుపు లేదు, బురద లేదు. ఆకుపచ్చగా ఉంటాయి.

ఆ ఆకుపచ్చను సరిగ్గా చూడాలంటే గోట్ ఐలాండ్ అనే లంక మీద టెరాపిన్ పాయింట్ దగ్గరకు వెళ్ళాలి. నది ఈ లంక దగ్గర రెండుగా చీలుతుంది. అటు పెద్ద పాయ హార్స్‌షూ ఫాల్స్‌గా, ఇటు చిన్న పాయ అమెరికన్ ఫాల్స్‌గా పడతాయి. చిన్న పాయలోంచే ఒక పక్కగా బ్రైడల్ వెయిల్ అని ఇంకొక సన్నని ధార విడిపోతుంది. నీటిలో పదింట తొమ్మిది వంతులు హార్స్‌షూవే. టెరాపిన్ పాయింట్ కటకటాల దగ్గర నిలబడితే ఆ అంచు మనకు చేతికందేటంత దగ్గర. నీరు పడబోయే ముందు తొందరపడదు. నున్నగా, గాజు కడ్డీలా వంగి, వంగిన చోట పచ్చగా మెరిసి, ఆ తర్వాతే తెల్లగా విరుగుతుంది. 57 మీటర్ల లోతుకు పడిన చోటు కనిపించదు. తుంపర లేచి కప్పేస్తుంది. చప్పుడు కూడా నేననుకున్నట్టు చెవులు చిల్లులు పడేలా లేదు. మందంగా, ఎడతెరిపి లేకుండా, చెవి కంటే రొమ్ముకే ఎక్కువగా తెలుస్తుంది. మా ఆవిడ రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది. నేను నోరు మూసుకున్నాను. ఎస్టిమేటు ఆలోచన కాసేపు రాలేదని ఒప్పుకోవాలి.

మేడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ కూడా ఎక్కాం. 1846లో మొదలైన పేరు అది. ఇప్పటి పడవలు బ్యాటరీతో నడుస్తాయి. అమెరికా వైపు ఎక్కేవాళ్ళకు నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు, కెనడా వైపు ఇంకొక సంస్థ పడవలెక్కేవాళ్ళకు ఎర్ర కోట్లు. నది మధ్యలో నీలం పడవ, ఎర్ర పడవ ఒకదాన్నొకటి దాటుతుంటే అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు చేతులూపుకుంటారు. హార్స్‌షూ వంపులోకి వెళ్ళాక చూడ్డానికి ఏమీ ఉండదు. కళ్ళజోడు మీద నీళ్ళు, ముఖం మీద నీళ్ళు, నీళ్ళు తోసుకొచ్చే గాలి. ఫోటోల కోసం ఎక్కేవాళ్ళకు నిరాశే. తడవడానికి ఎక్కండి.

ఇక గేట్ల విషయానికొస్తాను. జలపాతానికి కొద్దిగా ఎగువన, కెనడా ఒడ్డు నుంచి నది మధ్య దాకా ఒక కట్ట ఉంది. అవతలి ఒడ్డు దాకా వెళ్ళదు, సగంలోనే ఆగిపోతుంది. దాని మీదే ఆ పద్దెనిమిది గేట్లు. పర్యాటకుల్లో నూటికి తొంభై మంది అటు తలే తిప్పరు. ఆ గేట్లు మూస్తే కట్టకు ఎగువన నీటిమట్టం పెరిగి, రెండు ఒడ్డుల్లోని సొరంగాల్లోకి నీరు మళ్ళుతుంది. ఆ నీరు జలపాతాన్ని తప్పించుకుని, భూమి కిందుగా ప్రయాణం చేసి, దిగువన అమెరికా వైపు రాబర్ట్ మోజెస్ విద్యుత్ కేంద్రంలోనూ, కెనడా వైపు సర్ ఆడమ్ బెక్ కేంద్రాల్లోనూ టర్బైన్లు తిప్పి మళ్ళీ నదిలో పడుతుంది. కెనడావాళ్ళు 2013లో 10 కిలోమీటర్ల పొడవున ఇంకొక కొత్త సొరంగం కూడా ప్రారంభించారు.

ఎంత నీరు మళ్ళించుకోవచ్చన్నదే అసలు కథ. 1896లో నయాగరా కరెంటు తీగల మీదుగా బఫలో నగరానికి చేరింది. టెస్లా పేటెంట్లు, వెస్టింగ్‌హౌస్ యంత్రాలు. ఆల్టర్నేటింగ్ కరెంటు దూరప్రాంతాలకు పనికొస్తుందని అక్కడితో లోకానికి రుజువైంది. గోట్ ఐలాండ్ మీద టెస్లా విగ్రహం అందుకే ఉంది. దాంతో అందరి కన్నూ ఆ నీటి మీద పడింది. జలపాతం మొత్తాన్నీ గొట్టాల్లోకి ఎక్కిస్తే ఎన్ని దీపాలు వెలుగుతాయో లెక్కలు కట్టినవాళ్ళున్నారు. 1909లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, కెనడాకు 36 వేల క్యూసెక్కులు, అమెరికాకు 20 వేల క్యూసెక్కులు అని హద్దు గీశాయి. యుద్ధాలొచ్చాయి, ఫ్యాక్టరీలొచ్చాయి, ఆ హద్దు చాలలేదు. చివరికి 1950లో కొత్త ఒప్పందం రాసుకున్నారు. ఇప్పటికీ నడుస్తున్నది అదే.

ఆ ఒప్పందం రాసిన తీరు నాకు నచ్చింది. నీటి ఒప్పందాల్లో మామూలుగా ఎవరికి ఎంత వాటా అని మొదలుపెడతారు. ఇందులో ముందు జలపాతానికి ఎంత ఉంచాలో రాశారు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం ఎనిమిది నుంచి రాత్రి పది వరకు, సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 31 దాకా ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు, జలపాతం మీదుగా లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వెళ్ళాలి. మిగతా వేళల్లో 50 వేలకు తగ్గకూడదు. ఇవి పోగా మిగిలిన నీటినే రెండు దేశాలూ కరెంటుకు చెరిసగం పంచుకోవాలి. నయాగరా అందాన్ని కాపాడటం, పెంచటం రెండు ప్రభుత్వాల మొదటి బాధ్యత అని ఆ కాగితంలో ఒప్పుకున్నారు. రాత్రి అదనంగా దొరికిన నీటిలో కొంత పక్కనే ఉన్న పెద్ద రిజర్వాయర్లలోకి ఎత్తిపోసి, పగలు కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు దించుకుంటారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో రివర్సిబుల్ టర్బైన్లు చేసే పనే ఇది.

నా ఉద్యోగంలో నేను చూసిన నీటి ఫైళ్ళలో సాగునీటికి ఒక పద్దు, తాగునీటికి ఒక పద్దు, కరెంటుకు ఒక పద్దు ఉండేవి. చూడ్డానికి అనే పద్దు ఎక్కడా కనపడలేదు. నయాగరాలో ఆ పద్దు పైవరసలో ఉంది, దాని ఎదురుగా అంకె కూడా ఉంది. ఇది తెలిశాక కొందరు, అయితే మనం చూసింది అసలు జలపాతం కాదన్నమాట, సగం బొమ్మే అన్నమాట, అని మొహం చిన్నబుచ్చుకున్నారు. నేను ఒప్పుకోను. ఆ లక్ష క్యూసెక్కులూ వేరే ఎవరికో చెందకుండా చూసేవాడికని రాసి పెట్టారు. ఎవరూ రాసి పెట్టని చోట ఏమవుతుందో కూడా నేను చూశాను.

మన డుడుమ సంగతి చెబుతున్నాను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నది మీద ఉంది. ఎత్తులో నయాగరాకు రెండింతలు దాటుతుంది. అక్కడా రెండు ప్రభుత్వాలే, అక్కడా కరెంటే. జలపాతానికి ఎగువన ఆనకట్ట కట్టి నీటిని విద్యుత్ కేంద్రానికి మళ్ళించారు. 1955లో ఉత్పత్తి మొదలైంది, రెండు రాష్ట్రాలూ కరెంటు పంచుకుంటున్నాయి. ఉత్తరాంధ్రలో దీపాలు వెలిగించిన ప్రాజెక్టు అది, దాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. కరెంటు లేని ఊళ్ళో పుట్టినవాణ్ణి నేను. కానీ వేసవిలో అక్కడికి వెళితే అంత కొండగోడ మీద సన్నని ధార మాత్రమే కనిపిస్తుంది. పర్యాటకుల వేళల్లో ఇంత నీరు వదలాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. తోచే రోజులూ కావవి.

నయాగరా దగ్గర ఇంజనీర్లు చేసిన పనుల జాబితా చాలా పెద్దది. నీళ్ళు తగ్గాక హార్స్‌షూ చివర్లు ఎండిపోయినట్టు కనబడకూడదని 1950లలో అంచుల్ని చెక్కారు, పక్కల్ని పూడ్చారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డ టెరాపిన్ పాయింట్‌లో చాలా భాగం అలా పూడ్చిన నేలే. చలికాలం ఈరీ సరస్సు మంచుగడ్డలు నదిలోకి రాకుండా సరస్సు మూతి దగ్గర 1964 నుంచి ఏటా తేలే అడ్డు ఒకటి కడుతున్నారు. ఆ మంచుకు ఒకసారి నదినే ఆపిన చరిత్ర ఉంది. 1848 మార్చి నెలాఖరులో సరస్సు మూతి దగ్గర మంచు బిగుసుకుపోయి నది ఆగిపోయింది. ఒక పగలూ ఒక రాత్రీ దాటినా నీళ్ళు రాలేదు. చప్పుడు ఆగిపోయేసరికి జనం నిద్రలేచి, ప్రళయమేమోనని చర్చీలకు వెళ్ళారు. ధైర్యమున్నవాళ్ళు నదిలోకి దిగి, 1812 యుద్ధంలో పడిపోయిన తుపాకులూ బాయొనెట్లూ ఏరుకున్నారు.

ఆపడం ప్రకృతి వల్లే కాదు, మనిషి వల్లా అవుతుందని 1969లో తేలింది. అమెరికన్ ఫాల్స్ అడుగున బండరాళ్ళు కుప్పపడి, దూకే ఎత్తు సగానికి తగ్గింది. ఇలాగే వదిలేస్తే కొన్నాళ్ళకు జలపాతం పోయి రాళ్ళ వాగు మిగులుతుందని అక్కడి పత్రిక ఒకటి గోల చేసింది. అమెరికా సైనిక ఇంజనీర్లు జూన్‌లో ఒడ్డుకూ గోట్ ఐలాండుకూ మధ్య రాతికట్ట వేసి, ఆ పాయ నీళ్ళన్నీ హార్స్‌షూ వైపు తోసేశారు. నవంబరు దాకా అమెరికన్ ఫాల్స్ ఎండిన కొండగోడగా నిలబడింది. జనం దాన్ని చూడ్డానికీ వచ్చారు! ఎండిన అడుగున నాణేలు కుప్పలుగా దొరికాయి. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి గోదావరిలోకి బిళ్ళ విసిరే మనవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఇంజనీర్లు రాతికి బోరు వేసి చూశారు, పగుళ్ళు కొలిచారు, కదిలేచోట ఉక్కు బోల్టులు బిగించారు. ఆ తర్వాత అడుగున ఉన్న బండలు తీసెయ్యాలా వద్దా అని ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడి, వద్దన్నారు. రాళ్ళు పడటం కూడా జలపాతం స్వభావమే, దాని మానాన దాన్ని వదలండి అని తేల్చారు. యంత్రాలు, డబ్బు, అనుమతి అన్నీ చేతిలో ఉండి కూడా వద్దని రాసిన ఇంజనీరుకు నేను మనసులో దండం పెట్టాను. మా శాఖలో పని మొదలుపెట్టడం అందరికీ వచ్చు.

రాళ్ళు పడటానికి కారణం సులువైనదే. పైన డోలమైట్ అనే గట్టిరాయి, దాని కింద మెత్తని షేల్ పొరలు. పడిన నీరు సుడి తిరిగి కింది పొరను తొలిచేస్తుంది, ఆధారం పోయిన పైరాయి విరిగి పడుతుంది. ఇలా విరుగుతూ, విరుగుతూ సుమారు 12 వేల ఏళ్ళలో జలపాతం 11 కిలోమీటర్లు వెనక్కి నడిచింది. ఒకప్పుడు ఏడాదికి మీటరు చొప్పున తినేసేది. ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. కారణం, నీళ్ళు సగం గొట్టాల్లోకి వెళ్ళడమే. కరెంటు కోసం తీసిన నీరు జలపాతానికి ఆయుష్షు పోస్తోందన్నమాట.

నయాగరా అనగానే తాడు మీద నడిచినవాళ్ళ కథలు, పీపాల్లో దూకినవాళ్ళ కథలు చెబుతారు. 1859లో బ్లాండిన్ తాడు మీద నది దాటాడు, మరోసారి తన మేనేజరును వీపున మోసుకుని మరీ దాటాడు. నాకు ఆ విన్యాసాల మీద అంత మోజు లేదు. యానీ ఎడ్సన్ టేలర్ కథ మాత్రం మనసులో ఉండిపోతుంది. ఆమె బడిపంతులమ్మ. 1901లో, తన 63వ పుట్టినరోజున, పరుపు కుట్టిన చెక్క పీపాలో కూర్చుని హార్స్‌షూ మీదనుంచి పడింది, బతికి బయటపడింది. ముసలితనంలో నాలుగు డబ్బులు వస్తాయని చేసిన పని అది. డబ్బు రాలేదు. మేనేజరు పీపా ఎత్తుకుపోయాడు. 1921లో పేదరాలిగానే పోయింది.

ఆ ఒడ్డు మీద డబ్బు చేసుకున్నవాళ్ళు వేరే. 19వ శతాబ్దంలో జలపాతం చుట్టూ ఉన్న నేలంతా ప్రైవేటు వాళ్ళదే. గోడలు, దడులు కట్టి, కంత దగ్గర నిలబెట్టి చూపించి కూడా రుసుము వసూలు చేసేవారు. ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ వంటి పెద్దలు పోరాడితే, న్యూయార్క్ రాష్ట్రం ఆ భూములు కొని 1885లో పార్కుగా తెరిచింది. ఈనాటికీ జలపాతం చూడ్డానికి టికెట్ లేదు. కారు పెట్టుకోవడానికీ, పడవకూ డబ్బు తీసుకుంటారు గానీ, నిలబడి చూసేవాడి దగ్గర పైసా అడగరు. అమెరికా వైపు చెట్లు, బాటలు. కెనడా వైపు హోటళ్ళు, కాసినోలు, రంగురంగుల బోర్డులు. తమాషా ఏమిటంటే జలపాతం ఎదురుగా నిండుగా కనిపించేది కెనడా నుంచే. వాళ్ళకు ఎదురుగా నీళ్ళు, చెట్లు. ఇటువాళ్ళకు పక్కగా నీళ్ళు, ఎదురుగా హోటళ్ళు. చీకటి పడ్డాక నీటి మీద ఎరుపు, నీలం, ఊదా లైట్లు వేస్తారు. కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభలకు ఆ లైట్లు అందం, ఈ నీటికి కాదు. పిల్లలు మాత్రం చప్పట్లు కొట్టారు.

రాత్రి పదింటి దాకా ఉందామని నేను పట్టుబట్టాను. నీళ్ళు తగ్గడం ఒక్క క్షణంలో కళ్ళకు కట్టేది కాదు. అంచు మీద పలచబడుతుంది, కింద లోయలో మట్టం దిగుతుంది, అంతా నెమ్మదిగా. మనవడు, “తాతయ్యా, ఏం మారింది?” అని అడిగితే, లక్ష కాస్తా 50 వేలవుతోందిరా అన్నాను. వాడు ఆవులించాడు.

అమెరికాలో పిల్లలున్న శ్రోతలకు రెండు మాటలు. వీలుంటే బయల్దేరే ముందే కెనడా వీసా కూడా తీసుకోండి. మన పాస్‌పోర్టుతో రెయిన్‌బో బ్రిడ్జి దాటాలంటే అది కావాలి. తిరిగి అమెరికాలోకి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో ముందే చూసుకోండి. గోట్ ఐలాండ్ మీద ఎగువకు నడిచి, ఆ గేట్లను ఒక్కసారి చూడండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల, పగటిపూట వెళ్ళండి. సెప్టెంబరు 15 దాటాక వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి, అప్పుడు నీళ్ళు రాత్రి ఎనిమిదింటికే తగ్గిస్తారు.